గంగారాం చెప్పిన బావుల పేజీని నేను తొలగించిన సంగతి

ఆన్‌లైన్ తెలుగు విజ్ఞానకోశం ప్రధాన నిర్వాహకుల వారి సముఖమునకు,

కోరుట్ల నివాసి, ఒక ప్రైవేటు కళాశాల గ్రంథపాలకుడు, సదరు కోశమున ఆరేండ్లుగా నిర్వాహకుడు అయిన మహేందర్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొత్తగా రాయవచ్చిన వారికి పంపు హెచ్చరికలను మార్చుట, మరియు నాపై తగు చర్య తీసుకొనుట గురించి.

1. గత ఆగస్టులో రజని అను కొత్త సభ్యురాలు పెగడపల్లి దగ్గరి తమ ఊరి బావుల మీద ఒక పేజీ మొదలుపెట్టినారు. రోజుకొక బావి. దాని పేరు, అది ఎవరి పొలంలో ఉన్నది, ఆ పేరు ఎట్లా వచ్చినది. ఆధారములు చూపలేదు. కావున నిబంధన ప్రకారం మొదటి హెచ్చరిక పంపితిని. మీట నొక్కితే చాలు, అది దానంతటదే పోవును.

2. ఆమె ఇచ్చిన జవాబు: "సార్, మా బాపు చెప్పిండు. కల్లు గీసెతందుకు తాళ్ళెక్కుకుంట నలభై ఏండ్లు గీ పొలాలల్ల తిరిగిండు. పుస్తకంల యాడ లేదు. ఎట్ల రాయాలె, జర చెప్పుండ్రి."

ఎట్లా రాయాలో చెప్పమన్నది. నేను రెండవ హెచ్చరిక పంపితిని. మరునాడు ఆమె పోచవ్వ బావి చేర్చినారు. మూడవది పంపి, పేజీ తొలగించి, ఖాతా నిలిపివేసితిని. నాలుగు నిమిషములు కూడా పట్టలేదు.

3. జనవరిలో జగిత్యాలలో కొత్తవారికి శిక్షణ పెట్టితిమి. ఆలస్యంగా వచ్చి చివరి వరుసలో కూర్చున్న ఒకామె ఫోను తెరవలేదు. సిరిసిల్లలో బట్టలు కుట్టే పనట, సెలవు పెట్టి వచ్చినారట. "ఖాతా లేదా అమ్మా?" అని అడిగితిని.

"ఉండె సార్. బందు వెట్టిండ్రు."

"ఎవరు?"

"మహేందర్ అని ఎవలో ఉన్నరు. మీకెరుకేనా సార్?"

నేనే అని చెప్పితిని. బావుల పేజీ రాసిన రజని ఆమెయే. కోపపడలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చినారు. తండ్రి గంగారాం తాటిచెట్టు మీది నుంచి పడి మంచం పట్టినాడు. పొద్దున్నే బిడ్డకు ఫోను చేసి ఒక బావి గురించి చెప్పేవాడు. ఆదివారం ఇంటికి పోతే "సదువు బిడ్డా" అనేవాడు. పేజీ పోయిన తర్వాత కూడా ఆమె ఫోను ముందర పెట్టుకొని, గుర్తున్నది చదివినట్టు చెప్పేది.

"బాపుకు సదువు రాదు సార్. అది ఉన్నదనే అనుకున్నడు. నవంబరుల పోయిండు. పేజీ తీసినంక గూడ ఇంక పద్దెనిమిది బాయిలు చెప్పిండు. నేను రాసుకోలే. ఎట్లైనా తీసేస్తరు గద అనుకున్న."

4. నిబంధన తప్పని నేననను. ఆధారం అడగవలసినదే. కాని బావులను ఫోటో తీయమని, పాత పహాణీ భూమి రికార్డుల్లో పేర్లు వెతుకుదామని, అంతవరకు రాసినది సొంత చిత్తుప్రతిలో దాచుకోమని చెప్పి ఉండవచ్చును. అడిగినవారికి దారి చూపుటయే నా ఉద్యోగం. చెప్పలేదు.

5. తొలగించిన పేజీని తిరిగి తెచ్చి ఆమెకు పంపితిని. ఒక ఆదివారం ఇద్దరం ఊరంతా తిరిగితిమి. రాసిన పదకొండు బావులు దొరికినవి. మిగతావి కొన్ని పూడి పొలంలో కలిసినవి. కొన్నింటిలో నీళ్ళున్నవి, పేరు చెప్పేవారు లేరు. ఆమె తల్లి లచ్చవ్వ ఒక బావి గట్టున నిలబడి, "గాయనకే ఎరుక సారూ. మేమెన్నడు అడగకపోతిమి" అన్నది.

కావున, నిర్వాహకుడు స్వయంగా రెండు మాటలు రాసి పలకరించిన తర్వాతనే ఏ హెచ్చరికయైనా పోవునట్లు చేయగోరుచున్నాను. నా హోదా రద్దు చేసి, కొత్తవారిని పలకరించే పని మాత్రం నాకు ఉంచగోరుచున్నాను. ఈ విన్నపమును తీరిక చేసుకొని తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తప్పు ఒప్పుకొనుచున్న తమ విధేయుడు,
మహేందర్, కోరుట్ల

తాజా కలం: ఆమె ఖాతాను నేను మళ్ళీ తెరిచి నెల దాటింది. ఒక్క అక్షరం రాయలేదు. నిన్న ఫోను చేసి బతిమాలాను. "మీరు మంచిగనే చెప్తున్నరు సార్. కని గిప్పుడు నాకు చెప్పెటోళ్ళు లేరు" అన్నది. దీనికి ఏం జవాబియ్యాలె సార్? జర చెప్పుండ్రి.