పేరు పక్కన చుక్క

సెప్టెంబర్ 4, 2018

లైబ్రరీ గోడ పని ఇవాళ్టికి అయింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా మూడు వందల పన్నెండు మంది పిల్లల పేర్లు గోడకెక్కాయి. ఒక్కో టీచరుకి ఒక్కో రంగు స్టిక్కర్లు. ఆ పిల్ల గురించో పిల్లాడి గురించో మార్కులు కాకుండా ఇంకేదైనా తెలిస్తేనే పేరు పక్కన చుక్క అంటించాలి. ఇంట్లో ఎవరున్నారు, దేనికి భయపడతారు, ఏదో ఒకటి. నాది ఆకుపచ్చ. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ సైన్స్ చెబుతున్నాను, వంద దాటిస్తాననుకున్నాను. యాభై మూడు దగ్గర ఆగిపోయాను. సిగ్గేసింది.

ఒక్క చుక్కా లేని పేర్లు నలభై ఒకటి. అంటే ఈ బడిలో ఏ పెద్దవాళ్లకీ తెలియని పిల్లలు నలభై ఒక్కమంది. టీచర్లం ఇరవై ఒక్కమందిమి, మాట్లాడి తెలుసుకోవడానికి ఇంచుమించు తలా ఇద్దరిని పంచుకున్నాం. నా వాటాకి ఆరో తరగతి అబ్బాయి ఒకడు, ఏడో తరగతి షైలా నేపియర్.

అక్టోబర్ 9

ప్రిన్సిపాల్ టాకెట్ మీటింగ్ పెట్టాడు. మంచి మిడిల్ స్కూళ్లకిచ్చే గోల్డ్ బ్యానర్ పథకాన్ని రాష్ట్రం పెంచిందట. ఇన్నాళ్లూ ఏడాదికి ఆరు. అవన్నీ లెక్సింగ్టన్, లూయివిల్ లాంటి పెద్ద ఊళ్ల బళ్లే ఎగరేసుకుపోయేవి. ఇకమీదట ముప్పై ఇస్తారట. మా కొండల్లోని బళ్లు కూడా అప్లై చేసుకోవచ్చు. నవంబర్లో ముగ్గురు చూడడానికొస్తారు.

నాకూ సంతోషమేసింది, దాచుకోవడం దేనికి? గనులు మూతపడ్డాక మా కౌంటీ గురించి పేపర్లో ఒక మంచి మాట చదివి ఎన్నాళ్లయిందో.

అక్టోబర్ 11

ఒళ్లు మండిపోతోంది.

గోడ మీద ఖాళీ పేర్లు కనబడితే ఏం బావుంటుందండీ, రేపటికల్లా నింపేయండి అన్నాడు టాకెట్. ఆ పిల్లలతో మాట్లాడే టైమెక్కడుంది అన్నాను. మాటలు తర్వాత మాట్లాడుకుందురుగానీ ముందు అంటించండి అన్నాడు. టిఫిన్‌కి తెచ్చిన సాసేజ్ బిస్కెట్లతో పాటు స్టిక్కర్ల రోల్స్ కూడా పంచారు! జనం తింటూ, కబుర్లాడుకుంటూ, పేరైనా చదవకుండా అంటించేశారు.

పక్క గదిలో లెక్కలు చెప్పే రోండా నాకు పదిహేనేళ్లుగా స్నేహితురాలు. అమ్మా తల్లీ, నీ చుక్కలకేమన్నా బంగారం పూశారా, నాలుగు అంటిస్తే అరిగిపోతావా అంది. అందరూ నవ్వారు.

అక్టోబర్ 12

నేను అంటించలేదు.

అక్టోబర్ 26

గోడకి తట్టు పోసినట్టుంది.

షైలా పేరు పక్కన ఆరు చుక్కలు! నా నాలుగో పీరియడ్‌లో వెనక బల్ల మీద కూర్చునే పిల్ల. ఆ ఆరుగురినీ వెతికి పట్టుకుని అడిగాను, ఆ అమ్మాయి గురించి మీకేం తెలుసని. నెమ్మదైన పిల్ల కదా అంది రోండా. బ్యాండ్ మాస్టారు మంచి పిల్ల అన్నాడు. జిమ్ మాస్టారైతే ఎవరా అమ్మాయి అని నన్నే అడిగాడు. మిగతా ముగ్గురూ నీకెందుకన్నట్టు చూశారు.

టాకెట్ గదికెళ్లి దులిపేశాను. ఖాళీ పేరుంటేనే కదా ఎవరో ఒకరు ఆ పిల్లని వెతుక్కుంటూ వెళతారు, ఇప్పుడు ఎవరెళతారు అన్నాను. ఇన్నాళ్లకి మన పిల్లల్ని ఒకళ్లు మెచ్చుకుంటామని వస్తుంటే మీరు అడ్డం పడతారేంటండీ అన్నాడు. పైగా ఆయన మొహంలో నిజంగానే బాధ. నాకింకా ఒళ్లు మండింది.

నవంబర్ 14

వచ్చారు, చూశారు, గోడ ముందు ఫోటోలు దిగారు. తర్వాత చీటీలు తీసి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగారట, ఈ బడిలో నిన్ను బాగా ఎరిగిన పెద్దవాళ్లెవరు అని. షైలా చీటీ వచ్చింది. నా పేరు చెప్పింది.

ఆ ముగ్గురిలో ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నవంబర్ 15

క్లాసయ్యాక షైలాని ఆపి అడిగాను, నా పేరెందుకు చెప్పావని.

నేను రోజూ ఆ గోడ దగ్గరే లంచ్ తింటాను మిస్ అంది. ఆరుగురు అంటించారు, ఒక్కరూ నాతో మాట్లాడలేదు. మీ ఆకుపచ్చ మాత్రం లేదు. నా గురించి తెలీదని మీకైనా తెలుసు కదా మిస్ అంది. మరి ఆ మాట చూడడానికొచ్చినవాళ్లతో చెప్పలేకపోయావా అంటే, వాళ్లు పేరొక్కటే అడిగారు అంది. బస్సు టైమైందని వెళ్లిపోయింది.

మిగతా అందరినీ తిట్టాను. నా వాటాకొచ్చిన పిల్లతో పది వారాలుగా ఒక్క మాట మాట్లాడలేదు. పోట్లాడడానికి మాత్రం బోలెడు తీరిక దొరికింది నాకు!

డిసెంబర్ 12

మంచు. మూడు రోజులు బడి మూత. అంతకుముందు పరీక్షలు. షైలాతో వచ్చే వారం మాట్లాడాలి.

జనవరి 8, 2019

వెనక బల్ల ఖాళీ. వాళ్లమ్మకి ఒహాయోలో గోడౌన్ ఉద్యోగం దొరికిందట, సెలవుల్లోనే వెళ్లిపోయారు. ఆఫీసులో అడిగితే గానీ తెలియలేదు. ఆ ఆరుగురిలో ఒక్కరు కూడా ఆ పిల్ల ఏదని అడగలేదు.

జనవరి 23

బ్యానర్ మాకే. రిపోర్టులో రాశారు: ఒక విద్యార్థిని తడుముకోకుండా తనని ఎరిగిన టీచరు పేరు చెప్పింది, రాష్ట్రంలో ప్రతి మిడిల్ స్కూలూ ఇలా ఉండాలి.

రాత్రి కూర్చుని వాళ్లకి ఉత్తరం రాశాను. చుక్కల సంగతి, బిస్కెట్ల సంగతి, నా సంగతి, అంతా.

ఫిబ్రవరి 11

జవాబొచ్చింది. మీ వినయం మెచ్చుకోదగ్గది అన్నారు.

వినయమట!

ఫిబ్రవరి 21, ఉదయం 10:20

అందరూ జిమ్‌లో ఉన్నారు, బ్యానర్ ఎగరేస్తున్నారు. నేను వెళ్లలేదు, ఆఫీసులో కూర్చున్నాను. ఫోన్ మోగింది, నేనే తీశాను. ఒహాయో నుంచి, షైలా కొత్త బడి కౌన్సెలర్, నాకోసమే. ఈ అమ్మాయి ఇక్కడ ఎవరితోనూ మాట్లాడడం లేదండీ, తనని ఎరిగినవాళ్లంటూ మీ పేరు రాసింది, కాస్త తన గురించి చెప్పండి అంది.

నాకేమీ తెలీదు, దయచేసి తనని ఫోన్ దగ్గరికి పిలవండి అన్నాను.

అటు మైకులో టాకెట్ నా పేరు పిలుస్తున్నాడు. ఇటు షైలా హలో అంది. ఏమడగాలో తోచక, లంచ్‌కి ఏం తిన్నావు అని అడిగాను.

ఇంకా పదిన్నర కూడా కాలేదు కదా మిస్ అని నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు.