ముఖం సరిపోలలేదు

భివండి,
6 ఆగస్టు 2024

మా కళక్కకు,

బాగున్నానని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నిజానికి ఒళ్ళు మండిపోతోంది. సగం మంట ఆ ఖాతా కంపెనీ వాళ్ళ మీద, సగం నీ మీద. నాలుగు రోజులుగా ఫోన్ చేస్తుంటే ఎత్తవు. ఒక్కసారి ఎత్తి, "పొయ్యి మీద అన్నమున్నది, మళ్ళ చేస్త" అని పెట్టేశావు. ఆ అన్నం ఇంకా ఉడకలేదా? అందుకే ఈ ఉత్తరం. దీన్నైతే నువ్వు మధ్యలో పెట్టేయలేవు. కంప్యూటర్ అక్షరం అక్షరం చదివి వినిపిస్తుంటే నేనే టైపు చేశాను. ధామన్కర్ నాకాలో జెరాక్స్ దుకాణం పంకజ్ ప్రింటు తీసి ఇస్తాడు. అతనికి తెలుగు ముక్క రాదు కాబట్టి మన గుట్టు బయటపడదు.

విషయం నీకు తెలిసిందే. అయినా మొదటి నుంచీ చెబుతాను, చెబితేగాని నా ఉక్రోషం తీరదు. ఒకటో తారీఖు పొద్దున్నే నా "సాంచా చప్పుడు" పేజీ తెరిస్తే, తెర చదివే ఆడగొంతు చల్లగా చెప్పింది: "మీ ఖాతాలో అసహజమైన కదలికలు కనిపించాయి. మీరు మనిషేనని నిరూపించండి." చూపులేనివాళ్ళు వేళ్ళతో ఫోన్ తడిమే తీరు వాళ్ళకు అసహజంగా కనిపించిందేమో మరి! ముప్పై రోజుల్లో నిరూపించకపోతే పేజీ శాశ్వతంగా తుడిచేస్తారట.

మొదటి పరీక్ష బొమ్మలది. సైకిళ్ళున్న బొమ్మలు ఎంచుకోమన్నారు. ఆడగొంతు "చిత్రం, చిత్రం, చిత్రం" అని తొమ్మిదిసార్లు చదివి ఊరుకుంది. ఏ చిత్రమో చెప్పదు. వెతగ్గా వెతగ్గా ఒక మూల వినే పరీక్ష దొరికింది. వెనుక పెద్ద హోరు పెట్టి, మధ్యలో ఇంగ్లీషు అంకెలు గొణుగుతారు. ఎనిమిది సాంచాల మధ్య, మరమగ్గాల మోతలో ఉయ్యాలూగి పెరిగినదాన్ని, ఆ హోరు నాకొక లెక్కా? మొదటిసారికే గట్టెక్కాను. ఎంత సంబరపడ్డానో!

రెండో పరీక్షకు అంకెల కోడ్ నీ ఫోన్‌కు వచ్చింది. ఖాతా తెరిచినప్పుడు నాకు సొంత నంబరు లేక నీది పెట్టాం కదా. నిమిషంలో కొట్టాలి. నీకు ఫోన్ చేసి, నువ్వు చదివి, నేను తడుముకుంటూ కొట్టేసరికి గడువు అయిపోయింది. మళ్ళీ కోడ్, మళ్ళీ ఫోన్. నాలుగోసారి సరిపోయింది. అంతే, ఆ తరువాత నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు. మూడో పరీక్షకు ముఖం చూపించాలట అని నీకు చెప్పిన నిమిషం నుంచే మానేశావు. నేను గమనించలేదనుకోకు.

మూడోది ముఖం వీడియో. ముఖాన్ని గుండ్రంలో పెట్టాలి, కళ్ళు తెరవాలి, కదిలే చుక్క వెంట చూపు తిప్పాలి. గుండ్రం ఎక్కడుందో నాకేం తెలుసు? నా రెప్పలు తెరుచుకునేవైతే ఈ గొడవెందుకు? తమ్ముడు భూషణ్ ఫోన్ పట్టుకుని "జరంత కుడికి, ఇంకొంచెం" అంటూ తిప్పించాడు. చివరికి ఎలాగో వీడియో వెళ్ళింది. జవాబు వచ్చింది: "ముఖం మీ ఫోటోతో సరిపోలలేదు." ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ అదే మాట. నా దివ్యాంగుల కార్డు పంపాను. దానికీ అదే మాట. సహాయం అని ఉన్నచోట నొక్కితే మిషన్ మాట్లాడుతుంది. ఎంత మొత్తుకున్నా చివరికి "మీ సమస్య తీరిందా?" అంటుంది. కాదు అని నొక్కితే మళ్ళీ మొదటికి తెస్తుంది. చివరికి భూషణ్ కూడా ఫోన్ నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. మధ్యలో వదిలిపోయే రకం కాదు వాడు, నీకు తెలుసు కదా.

అక్కా, ఎందుకింత గింజుకుంటున్నానో నీకైనా తెలియాలి. పదకొండు వేల మంది ఆ పేజీకి వస్తారు. మాలేగావ్ నుంచి, షోలాపూర్ నుంచి, మీ సిరిసిల్ల నుంచి మగ్గం చప్పుడు రికార్డు చేసి పంపుతారు. నూలు మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడె ఏ పక్క గట్టిగా తగులుతోందో, ఏ బోల్టు వదులైందో విని చెబుతాను. సాంచాలు బాగుచేసే గాలయ్య జాబర్ చిన్నప్పుడు నన్ను సాంచా పక్కన కూర్చోబెట్టి నేర్పిన విద్య అది. వీధిలో నన్ను "పాపం" అనకుండా దాటిపోయేవాళ్ళు తక్కువ. ఆ పేజీలో మాత్రం ఆరేళ్ళలో ఒక్కరూ ఆ మాట అనలేదు. పేజీ పోతే నేను మళ్ళీ బాపు పేరు చెప్పి పిలిచే బుచ్చిరాములు గుడ్డిబిడ్డనే అవుతాను.

ఖాతాలో ఫోటో నువ్వే పెట్టావు. గోడ మీదున్న పెద్ద ఫోటోనే పెట్టానన్నావు, "మస్తుగున్నవు సోనీ" అన్నావు. శుక్రవారం శుక్రవారం దాని అద్దం నేనే తుడుస్తాను. దాంట్లో ఉన్నది నేనే కదా? మరి ఎందుకు సరిపోలదు? నీకేమైనా తెలిస్తే రాయి.

నువ్వు ఫోన్ ఎత్తిన ఆ ఒక్కసారి మీ సాంచా చప్పుడు విన్నాను. కుడి పక్క తోలుపట్టా అరిగింది. బావకు చెప్పు.

కోపంగా,
నీ చెల్లెలు సోనాలి


సిరిసిల్ల,
14 ఆగస్టు 2024

సోనీకి, సోనీ పక్కన కూర్చుని ఇది చదువుతున్న బాపుకు,

బాపూ, చేతిరాత ఉత్తరాన్ని నువ్వే దానికి చదివి వినిపిస్తావని తెలిసే రాస్తున్నాను. మధ్యలో ఆపకు. ఒక్క ముక్క కూడా దాటేయకు.

సోనీ, ఆ ఫోటోలో ఉన్నది నువ్వే. కళ్ళు మాత్రం నీవి కావు.

నా పెళ్ళికి ముందు ఏడాది మన కుల సమాజం వాళ్ళు వధూవరుల పుస్తకం వేశారు, గుర్తుందా? నా పేరు ఇవ్వడానికి వెళ్ళి, బాపు నీ పేరు కూడా ఇచ్చాడు. నీకు చెప్పలేదు. ఇద్దరినీ స్టూడియోకు తీసుకెళ్ళాడు, నీకు హాస్టల్ కార్డు కోసమని చెప్పాం. ఫోటో తీసి, నిన్ను బయట కూర్చోబెట్టాక ఆ స్టూడియో అతను, "ఆంఖే మై ఖోల్ దూంగా చాచా, కోయీ నహీ పహచానేగా" అన్నాడు. కళ్ళు తాను తెరుస్తానట, ఎవరూ గుర్తుపట్టరట. బాపు సరే అన్నాడు. నా ఫోటోలోంచి నా కళ్ళు కోసి, కంప్యూటర్లో నీ ముఖానికి అతికించారు. పుస్తకంలో ఒకే పేజీలో మనిద్దరం ఒకే జత కళ్ళతో ఉన్నాం. నాకు ఈ సంబంధం వచ్చింది. నీ కోసం ఎవరూ ఫోన్ చేయలేదు. అయినా బాపు ఆ ఫోటోను పెద్దది చేయించి గోడకు కొట్టాడు. సోనీతో అనొద్దని అందరికీ చెప్పాడు, భూషణ్‌కు కూడా.

నువ్వు ఖాతాకు ఫోటో కావాలన్నప్పుడు నేను ఇల్లంతా వెతికాను. మన ఇంట్లో నీ ముఖం తిన్నగా ఉన్న ఫోటో ఇంకొకటి లేదు. ఉన్నవాటిలో నువ్వు పక్కకు తిరిగి ఉంటావు, లేదా నీ ముందు మేమెవరో నిలబడి ఉంటాం. అలా నిలబడమని మాకెవరూ చెప్పలేదు, అలవాటై నిలబడ్డాం. ఆరోజు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ దొంగ ఫోటో పెట్టి, మస్తుగున్నవు అన్నాను. ముఖం పరీక్ష అనగానే ఇదంతా బయటపడుతుందని తెలిసిపోయింది. అందుకే ఫోన్ ఎత్తలేదు.

ఇంకా రెండు వారాల గడువుంది. ఇరవై అయిదో తారీఖు ఆదివారం నేను భివండి వస్తాను. మన ముక్కూ గడ్డమూ ఒకటే అంటారు అందరూ, కళ్ళెలాగూ నావే. ఆ కెమెరా ముందు నేను కూర్చుంటాను, చుక్క ఎటు తిరిగితే అటు చూస్తాను. నీ పేజీ నీకు వస్తుంది. నేను చేయగలిగింది ఇదే.

బావ సాంచా విప్పి చూశాడు. నువ్వన్నట్టే కుడి పట్టా అరిగి ఉంది. మార్చాడు.

నీకు ముఖం చూపించలేని,
కళ


భివండి,
31 ఆగస్టు 2024

నా కళక్కకు,

ఆదివారం రావద్దని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను, ఆ తరువాత నువ్వు చేసినా ఎత్తలేదు. ఎందుకో అప్పుడు చెప్పే స్థితిలో లేను. ఇప్పుడు తీరిగ్గా తిడతాను, విను.

నీ ఉత్తరం వచ్చిన రోజు బాపు కళ్ళద్దాల పెట్టె టక్కున తెరిచి, అద్దాలు పెట్టుకుని, ఎదురుగా కూర్చున్నాడు. "మధ్యలో ఆపకు" దాకా చదివి ఆపేశాడు. "ఏమైంది బాపూ?" అన్నాను. "కండ్లద్దాలు కనవడుతలెవ్వు బిడ్డా" అన్నాడు. అవి ఆయన ముక్కు మీదే ఉన్నాయి! "అక్క ఆపొద్దన్నది" అన్నాను. అప్పుడు మొత్తం చదివాడు. కళ్ళు కోసి అతికించిన దగ్గర కూడా ఒక్క ముక్క దాటేయలేదు. ఆ విషయంలో మాత్రం ఆయన్ను మెచ్చుకోవాలి.

తరువాత నేను మెచ్చుకోలేదు, అరిచాను. సాంచాలు ఆపి పనివాళ్ళు వినేంతగా అరిచాను. "పుస్తకంలో వేసిన పిల్ల ఎవరు బాపూ? నన్నడిగినవా?" అన్నాను.

"ఇంటికొచ్చి నీతోని మాట్లాడితె నచ్చుతవనుకున్న బిడ్డా. ఫోటో చూసే పక్కకు పెడ్తరని భయమైంది."

"వచ్చినంక నా కండ్లు చూసి ఏమంటరనుకున్నవ్?"

"గంత దూరం ఆలోచించలే."

ఆరేళ్ళు గోడ మీద ఉంచాడు, అంత దూరం ఆలోచించలేదట! మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అమ్మతోనూ మాట్లాడలేదు, ఆవిడా తక్కువదేం కాదు. ప్రతి శుక్రవారం నేను ఆ అద్దం తుడుస్తుంటే "మంచిగ తుడువు బిడ్డా" అనేది. ఎవరి ముఖాన్ని తుడిచానక్కా నేను ఇన్నాళ్ళూ? నన్ను చూసినవాళ్ళందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు.

ఇంకో సిగ్గు కూడా ఉంది. రెండు వారాలు ఆ మిషన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. "చిత్రం, చిత్రం" అన్నందుకు అవి దానికి తగిన తిట్లే, ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ ముఖం విషయంలో అది నిజమే చెప్పింది. ఈ ఇంట్లో నాకు నిజం చెప్పింది అదొక్కటే.

నువ్వు కెమెరా ముందు కూర్చుంటే పేజీ వచ్చేదని నాకు తెలుసు. రెండు రోజులు ఊగిసలాడాను. పదకొండు వేల మందిని వదులుకోవడం మాటలా? చివరికి ఇలా అనుకున్నాను. పేజీ వచ్చేది నాకు కాదు, నీ ముఖానికి. వాళ్ళు మళ్ళీ ఖాతాకు తాళం వేసినప్పుడల్లా, పొయ్యి మీద అన్నం దించి నువ్వు సిరిసిల్ల నుంచి పరిగెత్తుకు రావాలి. నేను చూపు లేకుండా బతకగలను, బతుకుతున్నాను. ఇంకొకరి ముఖం పెట్టుకుని ఎన్నాళ్ళు బతకను?

కంపెనీకి ఉన్నదున్నట్టు రాశాను. ఫోటోలో కళ్ళు మా అక్కవి, ముఖం నాది, ఫోటో మార్చుకోనివ్వండి అని. తాళం తీస్తేగాని ఫోటో మార్చలేరట. ఫోటో సరిపోతేగాని తాళం తీయరట. "మీ సమస్య తీరిందా?" అని కూడా అడిగారు. నిన్నటితో గడువు తీరి పేజీ పోయింది. పొద్దున పేరు వెతికితే ఆడగొంతు "ఫలితాలు లేవు" అన్నది. వరాలా తలావ్ గట్టు మీద కూర్చుని ఏడ్చాను, అబద్ధమెందుకు చెప్పాలి.

కానీ అప్పటికే ఒక పని చేసి ఉన్నాను. నాలుగో రోజున బాపు తనే వచ్చి "లే బిడ్డా, స్టూడియోకు పోదాం" అన్నాడు. అదే స్టూడియో, అదే మనిషి. నన్ను కూర్చోబెట్టి, "కాలా చష్మా లగా దూం క్యా?" అన్నాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టనా అని. నేను నోరు తెరిచేలోపే బాపు గర్జించాడు, "కుచ్ నహీ లగానా! జైసీ హై, వైసీ నికాల్!" ఉన్నది ఉన్నట్టు తీయమని. ఆ గొంతు విని నా కోపం సగం చల్లారింది. మిగతా సగం ఉంది, ఉంటుంది.

నా నంబరు మీద, ఆ ఫోటోతో కొత్త ఖాతా తెరిచాను. మళ్ళీ సైకిళ్ళు! ఈసారి వినే పరీక్ష ఎక్కడా దొరకలేదు. బాపును కూర్చోబెట్టాను. "సగం చక్రం కనవడితె సైకిలా, కాదా?" అని అమ్మతో జగడమాడి మూడుసార్లు తప్పాడు. రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్న మనిషిని మనిషి కాదు పొమ్మన్నారు! "ఏందిరా భయ్ ఇది!" అని ఫోన్‌ను తిట్టాడు. చాలా రోజుల తరువాత నేను నవ్వాను. నాలుగోసారికి గట్టెక్కాడు, ఖాతా తెరుచుకుంది.

ఇప్పటికి అరవై మూడు మంది వచ్చారు, నా గొంతు గుర్తుపట్టి. మాలేగావ్ ఆయన ఒకరు, "పహలే వాలీ ఫోటో కిస్‌కీ థీ?" అని అడిగాడు. ముందటి ఫోటో ఎవరిదని. "మా అక్కది సగం, నాది సగం. ఇది పూర్తిగా నాది" అన్నాను. "అచ్ఛా, ఠీక్ హై, యే సునో" అని తన సాంచా చప్పుడు పంపాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. ఎడమ పక్క బోల్టు వదులైంది, చెప్పాను.

ఇప్పుడు గోడ మీద ఉన్నది కొత్త ఫోటోనే, పాత మేకుకే వేలాడుతోంది. పాతదాన్ని చట్రం విప్పి చింపబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "చింపకే, అక్క కండ్లున్నయి దాంట్ల" అంది. అదీ నిజమే. అందుకే ఈ పెద్ద కవరులో అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను.

నీ కళ్ళు నీకు పంపించేశాను అక్కా. అందాయని ఫోన్ చెయ్యి. ఈసారి ఎత్తుతాను.

ఇట్లు,
ఉన్నది ఉన్నట్టుగా,
నీ సోనాలి