వాననీళ్ల నురగ

ఏప్రిల్ 7, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి బిలాస్‌పూర్ నుంచి వియ్యపురాలు స్వర్ణకుమారిగారి ఫోన్. అమ్మ లేని ఇంట్లో పురుడేటండీ అన్నారు. పైగా మీ ఖరిదా పేట బోరునీళ్లకి క్రిస్మస్‌కొచ్చిన మావోడి ఒళ్లే దద్దుర్లెక్కిపోనాది, పసిగుడ్డుకేటి పోస్తారు అన్నారు.

ఆవిడ అన్నది నిజమే. మా జాయ్ వాళ్లమ్మ రూతు ఉంటే తనే మాట్లాడేది.

ఏప్రిల్ 8

జాయ్ ఫోన్. నాన్నా, నేను మనింటికే వస్తాను, నీళ్ల సంగతి నువ్వు చూడు, అత్తయ్య సంగతి నేను చూస్తాను అంది. గొంతు మాత్రం వాళ్లమ్మదే.

ఏప్రిల్ 13

గోల్‌బజార్‌లో నీళ్ల మిషన్ల షాపుకి వెళ్లాను. షాపు బెంగాలీ దాదా ముందు ఆర్‌వో చూపించాడు. అది తాగడానికి. తర్వాత పైపుకి తగిలించే మాగ్నెట్. దీంతో నీళ్లలో సున్నం పోతుందా అని అడిగాను. పోదు దాదా, పైపుకి అంటుకోదు అన్నాడు. మా ఇంట్లో పుట్టబోయేది పైపు కాదు అన్నాను. పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వినట్టున్నాను.

అప్పుడు లోపల్నుంచి అసలు సరుకు తీశాడు. రెజిన్ సాఫ్టెనర్. సున్నాన్ని పట్టేస్తుంది. అప్పుడప్పుడు ఉప్పునీళ్లతో కడగాలి. రెండు రకాలున్నాయి. మా బోరునీళ్లు తెస్తాను, రెండింట్లో పోసి చూపించమన్నాను. ఠీక్ హై అన్నాడు.

ఏప్రిల్ 20, మధ్యాహ్నం

నిన్న కాలబైశాఖి, ఉరుముల గాలివాన. గాలి మొదలవగానే అటకెక్కి ఇత్తడి గంగాళం దించాను. జాయ్ పుట్టినప్పుడు ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. అక్కడా ఇవే నీళ్లు. రూతు ఈ గంగాళం చూరు కింద పెట్టి, పట్టిన వాననీళ్లు కాచి పిల్లకు పోసేది. జాయ్‌ది వానాకాలం పుట్టుక. ఇప్పుడు పుట్టేది మే నెలాఖరుకి. వాన మీద ఆధారపడలేం.

ఈరోజు పొద్దున షాపులో బోరునీళ్లు రెండు మిషన్లలోనూ పోయించి తెచ్చుకుని, నాలుగు సీసాలు పెట్టాను. ప్రతిదాన్లో కాస్త సబ్బు వేసి గిలకొట్టాను. బోరునీళ్లు: నురగ లేదు, విరిగిన పాలలాంటి తెట్టు. మొదటి మిషను నీళ్లు: సగం. రెండోది: సీసా మెడదాకా. వాననీళ్లు: అవీ మెడదాకా.

నేను బీఎస్సీ. ఇది స్కూలు పిల్లల ప్రయోగం. అయినా ఆ చివరి రెండు సీసాలూ కిటికీలో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను.

రెండోది తీసుకుంటాను.

ఏప్రిల్ 27

ప్లంబర్ వచ్చాడు. బాత్రూమ్ లైనుకే పెట్టించాను.

ఉప్పు బస్తాలు దించుతుంటే పక్కింటి సుజాతమ్మ గోడ మీంచి చూసింది. ఏటన్నయ్యా, ఖరిదా అంతటికీ ఆవకాయ పెట్టీస్తారేటి అంది. విషయం చెప్పాను. మా మనవళ్లకి రూతు వదిన నీళ్లు పోసింది, వదిన మనవలకి నేను పొయ్యనా అంది. వెంటనే ఇంట్లోకొచ్చి, కాళ్లు చాపుకుని కూర్చోడానికి బాత్రూమ్ సరిపోతుందో లేదో కొలిచి చూసుకుంది.

మే 5

స్వర్ణకుమారిగారికి సుజాతమ్మే ఫోన్ చేసిందట. ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. జాయ్ వస్తోంది.

మే 29

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. దేవునికి స్తోత్రం.

జూన్ 9

బొడ్డు ఊడింది. ఈరోజు మొదటి స్నానం. స్వర్ణకుమారిగారు చూడ్డానికి వచ్చారు.

సుజాతమ్మ అలవాటు చొప్పున బోరునీళ్లకు రుద్దినంత సబ్బూ రుద్దింది. ఇక అది వదలదు. ఇల్లంతా ఆవిడ గొంతే. ఏటిదన్నయ్యా, సబ్బు పోనేదు, సేపపిల్లలాగ జారిపోతంది! జాయ్ చెంబు మీద చెంబు అందిస్తోంది. మిషను పాడైపోనాది, నే సెప్పినాను కాదా అని వియ్యపురాలు. సబ్బు ఎప్పుడో పోయింది, మెత్తటి నీళ్లు ఒంటికి అలాగే జారతాయి అని తలుపు ఇవతల నుంచి చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

చివరికి స్వర్ణకుమారిగారు పాప చేతిని నాలిక కొసతో రుచి చూశారట. సబ్బు నేదమ్మా, మనమే ఎర్రోళ్లం అన్నారు. ముగ్గురూ ఒక్కసారే నవ్వారు.

రూతు పోయాక ఈ ఇంట్లో అలాంటి నవ్వు వినలేదు. టవల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ ముగ్గురికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

జూన్ 18

తెల్లవారుజామున వాన. సాఫ్టెనర్ బాగానే పనిచేస్తోంది. అయినా గంగాళం చూరు కింద పెట్టాను.

స్నానం అవుతుండగా, ఇంకా ఇక్కడే ఉన్న స్వర్ణకుమారిగారు తలుపు దగ్గరకొచ్చారు. గంగాళం సంగతి జాయ్ చెప్పినట్టుంది. ఆఖరి సెంబు అమ్మమ్మ నీళ్లు పోద్దారండీ అన్నారు.

కాచి, నేనే ముంచి ఇచ్చాను.