మూడో తీగ

ఆసుపత్రి గెస్ట్‌హౌస్,
శుక్రవారం

ప్రియమైన అన్నయ్యకు,

నేను మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. రాత అయితే చివరిదాకా చదువుతావని ఇలా రాస్తున్నాను.

నువ్వు కట్టిన ప్రసూతి వార్డుకు వంక పెట్టాలని నేనిక్కడికి రాలేదు. అలాంటివే ఇంకో నాలుగు ఊళ్లలో కట్టబోతున్నారు కదా, దానికి ముందు ఈ భవనం వాడుతున్న కరెంటు లెక్క నిజమో కాదో చూసి రమ్మని మా ఆఫీసు పంపింది. అన్నయ్య కట్టింది కాబట్టి వేరేవాళ్లను పంపమని అడిగాను. ఎవరూ ఖాళీగా లేరన్నారు. నిజం చెప్పాలంటే సంతోషంగానే బయలుదేరాను. నీ మట్టిగోడల్ని, ఎత్తైన కిటికీల్ని, ఏసీ దాదాపు అక్కర్లేని గదుల్ని ఎవరైనా పొగుడుతుంటే, మా అన్నయ్యే అని చెప్పకుండా పక్కన నిలబడి వినేదాన్ని, ఇంకాస్త పొగుడుతారని.

కరెంటు బోర్డు తలుపు తీశాం. లోపల మూడు లావుపాటి తీగలు. ఒక్కో తీగకు గాజులా ఒక సెన్సర్ తొడిగి ఉంది. తీగలో ఎంత కరెంటు పోతోందో అదే కొలిచి మా ఆఫీసు కంప్యూటరుకు పంపుతుంది. రెండు బాగానే ఉన్నాయి. మూడోది సరిగ్గా మూసుకోలేదు, కొసల మధ్య గోరంత సందు మిగిలిపోయింది. నా మీటరు అదే తీగకు పెట్టి చూశాను. పోతున్న కరెంటులో సగం కూడా ఆ సెన్సర్ చెప్పడం లేదు. వార్డు ఏసీలన్నీ ఆ తీగ మీదే ఉన్నాయి అన్నయ్యా.

ఇక్కడి ఎలక్ట్రీషియన్ అగ్బెకో గారు బోర్డు తలుపు వేసేయబోయారు. "రెండేళ్లుగా నిద్రపోతున్నదాన్ని ఎందుకు లేపడం మేడమ్? ఈ అంకెలు చూసే కదా రాజధాని అక్రా నుంచి పెద్దవాళ్లంతా వచ్చి మాతో ఫోటోలు దిగారు" అన్నారు.

"కొత్త ఆసుపత్రుల ప్లానులో ఏసీలకు తీగలే లేవు, తెలుసా? అక్కర్లేదని ఈ అంకెలే చెప్పాయట" అన్నాను.

ఆయన తలుపు మీంచి చేయి తీసేశారు. "మా చిన్నమ్మాయి కెటాలో ఉంటుంది. అక్కడా ఇదే కడతారటగా" అన్నారు.

నా నీడలో ఉండలేక ఇన్నాళ్లకు దారి వెతుక్కున్నావా అన్నావు ఫోన్లో. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నీ నీడ నాకెప్పుడూ బరువు కాలేదు. సెన్సర్ సరిచేయించాను. సోమవారం రిపోర్టు ఇస్తాను. నీకు ముందుగా తెలియాలని ఫోన్ చేశాను, నిన్ను అడగడానికి కాదు.

నీ చెల్లెలు
ఫఫాలి


అక్రా,
బుధవారం

ఫఫాలికి,

ఉత్తరం అందింది. దేశమంతా నమ్మినదాన్ని నువ్వొక్కదానివి కాదంటున్నావు. నా ఇంజనీరును తీసుకుని నేనే వెళ్లి చూస్తాను. అంతవరకూ ఆదివారం భోజనాలకు నువ్వు రానక్కర్లేదు.

వర్లాన్యో


ఆసుపత్రి వరండా,
శనివారం

ఫఫాలీ, చిట్టి చెల్లీ,

నీ లెక్క తప్పని నిరూపించాలనే వచ్చాను. మా ఇంజనీరు తన మీటరు పెట్టి చూశాడు. నీ అంకే చెప్పాడు. నా మొహం చూడకుండా చెప్పాడు.

ఇన్ని ఏసీలు ఎవరు వేస్తున్నారో తేల్చుకుందామని వార్డులోకి వెళ్లాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పెద్ద నర్సు సిట్సోఫే ఉంది. కిటికీలు తీయరేం అని గట్టిగానే అడిగాను.

"తీసి చూడు బాబూ" అంది. "ఏ మహానుభావుడు కట్టాడో, బాలింతల చుట్టాలు వంట చేసుకునే పెరటి వైపే పెట్టాడు. వాళ్లు మొక్కజొన్నపిండి అక్ప్లే ముద్ద కలిపినంతసేపూ పసిపిల్లల కళ్లలోకి పొగే."

"ఆ మహానుభావుణ్ని నేనే" అన్నాను.

ఆమె తడబడలేదు. "మరి ఈ రెండేళ్లలో తీరిక ఇప్పుడు దొరికిందా?" అంది.

నేను గీసిన పటంలో అక్కడ పూలతోట ఉంది. పురిటికొచ్చిన ఆడపిల్ల వెంట తల్లీ అత్తా వస్తారని, వాళ్లు పొయ్యి పెట్టుకోవాలని నాకు తోచనే లేదు. ఆ సెన్సర్ సందు అలాగే ఉండిపోతే, ఇదే తప్పు ఇంకో నాలుగు ఊళ్లలో కట్టి, ఏసీలు కూడా లేకుండా చేసేవాణ్ని. పని ఆపమని ఇందాకే మంత్రిత్వ శాఖకు రాశాను. వంటకు చోటు గీయాలి, కిటికీలు మార్చాలి. గోడలు లేవకముందే నువ్వు వచ్చి సెన్సర్లు ఎక్కడ పెట్టాలో చెప్పాలి.

నిన్ను అన్న మాట వెనక్కి ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను. సిట్సోఫే చెప్పాక కూడా నమ్మబుద్ధి కాక ఒక కిటికీ తీశాను. పొగ లోపలికొచ్చింది. పక్క మంచం మీది బాలింత బిడ్డను అటు తిప్పుకుని, వీపు ఇటు పెట్టింది. నేనే కిటికీ మూసి ఏసీ వేశాను. ఈ మధ్యాహ్నం ఆ మూడో తీగ మీద కరెంటు పెరగడం నీకు అక్కడ కనిపించే ఉంటుంది. అది నేనే.

నీ అన్నయ్య
వర్లాన్యో