ఇవాసెలో రెండో పొయ్యి

తుషిమా దీవి ఉత్తరపు కొసన ఇవాసె ఊళ్లో ఉండే ఇతోసె మొరిహికో అనే నేను, యాభై ఎనిమిదేళ్ల వాణ్ణి, బుర్ర సరిగ్గా ఉండగానే ఇది సొంత చేత్తో రాస్తున్నాను. పాడైంది కాలేయం. డాక్టరు దాన్నే చూశాడు, బుర్ర జోలికి పోలేదు.

1. ఇవాసెలో పొయ్యి వెలిగే ఇళ్లు రెండే: నాది, ఉమెనో తోమి అవ్వది. వసంతంలో ఒడ్డు తెరిచిన రోజున ఇంటికొకరు దిగి సముద్రపు నాచు కోసుకోవాలని మా కట్టుబాటు. ఒక్క ఇల్లే మిగిలితే దాన్ని ఊరనరు; ఒడ్డు పక్క ఊరికి పోతుంది. నేను పోతే అవ్వకి దిగడానికి ఒడ్డుండదు. ఈ వీలునామా అందుకే.

2. కాబట్టి నా ఇల్లు, కొండకొన, హితకత్సు రేవులో నూడుల్స్ కొట్టు నడిపే పే ఒక్‌జుకి ఇస్తున్నాను. ఆవిడది జలసంధి అవతల, కొరియాలోని పూసాన్. షరతు ఒకటే: ఇక్కడే వండుకోవాలి, ఇక్కడే పడుకోవాలి. ఒప్పుకుంది. సంగతి చెబితే తోమి అవ్వ, "జలసంధికి కాపలా ఉండాల్సినవాడివి, తాళంచెవి అవతలి ఒడ్డువాళ్లకే ఇస్తావురా?" అంది. కాపలాకి కొండమీద రాడారుంది అవ్వా. అది నాచు కోయదు.

3. ఫుకువొకాలో ఉన్న తమ్ముడు షిగెయుకికి నాన్న గోడగడియారం. ఇల్లు అమ్మేద్దామని వాడు బేరగాళ్లని పంపాడు. కొరియావాళ్లు కొంటారని ఒకడు, సైన్యం కొంటుందని ఇంకొకడు. ఇక్కడ ఎవరుంటారని ఒక్కడూ అడగలేదు. గడియారం ఆగిపోయింది. తమ్ముడు ఎప్పుడొచ్చినా ఆలస్యం కాదు.

4. అడవిలో తేనెటీగలు పట్టు పెట్టే బోలు దుంగలు కూడా ఒక్‌జుకే. ఏడాదికి ఒక్కసారి, ఆకులు రాలే ముందు, పట్టులో పై సగమే కోయాలి. కింది సగం వాటి చలికాలపు తిండి. ఆశపడితే దుంగ మిగులుతుంది, ఈగలుండవు.

5. నా ఫోను ఎవరు తీసుకున్నా సరే. కొండకొన మీదకెళితే అవతలి ఒడ్డు సిగ్నలు అంది "కొరియాకి స్వాగతం" అని దానికి సందేశం వస్తుంది. చాలా సాయంత్రాలు అది చూడ్డానికే ఎక్కాను. ఎవరో ఒకరు రమ్మంటున్నారు కదా.

6. తోమి అవ్వకి వస్తువేదీ రాయడం లేదు, పొరుగు రాస్తున్నాను. పొద్దున్నే నా దగ్గు వినబడితే గోడవతల నుంచి, "ఇంకా పోలేదన్నమాట" అంటుంది. రోజు మొత్తంలో నాతో ఎవరైనా అన్న మాట, చాలాసార్లు, అదొక్కటే. ఆ మాట పడ్డానికి ఒక మనిషి ఉండాలి.

ఇవన్నీ జరిపించాల్సింది మత్స్యకారుల సంఘం గుమాస్తా అబిరు సదావో. చట్టానికి సాక్షులక్కర్లేదట. నాకు కావాలి.

రెయివా ఆరో ఏడు (2024), ఫిబ్రవరి పన్నెండు
ఇతోసె మొరిహికో (ముద్ర)

సాక్షులు:
అబిరు సదావో (ముద్ర)
ఉమెనో తోమి (ముద్ర). చదివాను. నాకు నచ్చలేదు. ఆ పూసాన్ పిల్ల చలికి ఆగదట. పరుపు ఎండేశాను.