తాళ్ళవీధి చివర

మార్చి 3
మున్సిపల్ మీటింగ్. మా వీధిని హెరిటేజ్ స్ట్రీట్ చేస్తారట. ఎక్కణ్ణుంచో వలస వచ్చి, తాళ్ళు పేని బతికిన మా జాతికి గౌరవమట. డ్రాయింగ్‌లో వీధి పాములా మెలికలు తిరిగింది. మధ్యలో పూలతొట్లు, ఒక విగ్రహం. తాడు పేనాలంటే ఈ చివర ఒకరు రాట్నం తిప్పుతుంటే ఇంకొకరు ఆ చివరిదాకా వెనక్కి నడవాలి, అందుకే మా తాతలు వీధిని తిన్నగా, ఖాళీగా ఉంచారు, ఆ ఖాళీయే మా హెరిటేజ్ అన్నాను. ఖాళీని డిజైన్ చెయ్యడం కుదరదంది డిజైనరమ్మాయి. మాస్టారికి అన్నం పెట్టినా ముందు రాయే ఏరతారని నవ్వాడు ఛైర్మన్. ఏరతాను. రాళ్ళేసి వండింది మీరు!

మార్చి 4
పెద్దమ్మకి చెప్పాను. తాడు పేనడం తెలిసినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. విగ్రహం నాదైతే ముక్కు కాస్త సన్నగా పెట్టమనరా అంది. తొట్లు పెట్టేలోగా ఒక్కసారి తాడు పేనుతూ ఆ చివరిదాకా నడవాలనుందంది.

నాకూ చూడాలనుంది. పైకి అనలేదు.

మార్చి 9
పేపర్‌కి వ్యాసం పంపాను. ఎడిటర్ సగం కోసి, మిగతా సగంలో కోపం కోశాడు.

మార్చి 16
పొద్దున్నే పెద్దమ్మ నడుముకి నార కట్టుకుంది. డిజైనరమ్మాయిని నేనే పిలిచాను, కళ్ళారా చూస్తే బుద్ధొస్తుందని. రాట్నం ఆ అమ్మాయే తిప్పింది. చిన్నప్పుడు నిలబడే చోటే, ఆ చివర, నిలబడ్డాను.

అమ్మ నా దగ్గరికి ఎప్పుడూ వీపుతోనే వచ్చేది. వెనక్కి చూస్తే తాడు పురి సడలుతుంది. గోడ తగలకుండా నేను అరవాలి: వచ్చేశావమ్మా! అప్పుడు ఆగి, తిరిగేది. చెమట మొహం, నవ్వు. అమ్మ పోయి ఇరవై ఏళ్ళు. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే వీపని ఇవాళ తెలిసింది.

ఆ వీపునే చూస్తూ అరవడం మరిచాను. పెద్దమ్మ వచ్చి నాకే గుద్దుకుంది. ఊరందరి మీదా లేచే నోరు అవసరానికి ఏ గంగలో కలిసిందిరా అని తిట్టింది.

డిజైనరమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నమ్మాను, వెర్రివెధవని.

ఏప్రిల్ 22
కొత్త డ్రాయింగ్. అవే మెలికలు, అవే తొట్లు. వీధి మార్చమంటే విగ్రహం మార్చారు! వెనక్కి నడిచే ఆడమనిషట. మీటింగ్‌లోనే కడిగేశాను. గౌరవం కావాలా వద్దా అన్నాడు ఛైర్మన్. దారి కావాలన్నాను. కూర్చోండి మాస్టారూ అన్నాడు.

నవంబర్ 2
ప్రారంభోత్సవానికి వెళ్ళలేదు. పెద్దమ్మ వెళ్ళొచ్చింది. ముక్కు బానే పెట్టార్రా, నడవడానికే చోటు పెట్టలేదంది.

నవంబర్ 3, తెల్లవారుతూ
వీధిలో ఎవరూ లేరు. ఆ చివరికెళ్ళి నిలబడ్డాను. విగ్రహం వీపే కనిపిస్తోంది.

వచ్చేశావమ్మా అని అరిచాను.

తిరుగుతుందేమోనని కాసేపు చూశాను.