నా భార్య చేతిరాత

కరీంనగర్

అలేఖ్యా,

నువ్వు ఫోన్‌ల బ్లాక్ చేసినవు, మీ అవ్వ ఫోన్ ఎత్తుతలేదు. అందుకే గీ కాయితం. పరీక్షలు రాసినంక మళ్ళ పెన్ను పట్టుడు ఇదే, వేళ్ళు గుంజుతున్నయి.

తప్పు నాదే. పెండ్లిరోజు నువ్వు మనసంత విప్పి పొడుగు మెసేజ్ పెట్టినవు. ఎప్పటి లెక్కనే తెలుగును ఇంగ్లిష్ అక్షరాలల్ల కొట్టినవు. రెండు లైన్లకే నాకు కండ్లు తిరిగినయి. కింద ఫోనే "ఓకే, థాంక్స్" అని జవాబు తయారు చేసి పెట్టింది. నొక్కిన. దానికి నువ్వు తల్లిగారింటికని ఉట్నూర్ బస్సెక్కుతవనుకోలే. జర ఇంటికి రా.

నీ ప్రణయ్

తా.క. కింద ఏడ్చే బొమ్మ గీసిన. గుమ్మడికాయ లెక్క వచ్చింది గని, ఏడుపే అనుకో.

ఉట్నూర్

ప్రణయ్ గారికి అలేఖ్య నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం అందింది. ఓకే, థాంక్స్.

ఇట్లా జవాబొస్తే ఎట్లుంటదో మీకు తెలువాలని రాసిన. నా మెసేజ్ పూర్తిగ చదివి, అడిగినదానికి జవాబు చెప్తేనే వస్త.

ఇట్లు, అలేఖ్య

తా.క. స్కూటర్‌కు ఇంజనాయిల్ మార్పించిండ్రా?

కరీంనగర్

అలేఖ్యా,

మెసేజ్ మొత్తం చదివిన, ఒకటో తరగతి పోరని లెక్క పైకి పలుక్కుంట. "నేనంటే ఇష్టమేనా?" అని చివర్న అడిగినవు. దానికి నేను "ఓకే, థాంక్స్" అన్న. నా చెంప నేనే వాయించుకోబుద్ధయింది. ఇష్టమే అలేఖ్యా. చానా ఇష్టం.

పెండ్లయి మూడేండ్లాయె, నీ చేతిరాత చూసుడు ఇదే మొదలు. ఎంత అందంగున్నది! "నమస్కరించి రాయునది" కాడ ముద్దు పెట్టుకున్న. ఉత్తరం దిండు కింద పెట్టుకొని పంటున్న.

నీ ప్రణయ్

తా.క. ఇది మీ బాపుకు చూపియ్యకు. ఆయన గురకకే నేను ఉట్నూర్ రానిది. ఆయన చెప్పే ఆ జీపు కథ ఇంకోసారి వినుడు కూడ నాతోని కాదు.

ఉట్నూర్

ప్రణయ్ గారికి అలేఖ్య నమస్కరించి రాయునది. మీ జవాబు విని సంతోషమైంది. కాని మా బాపు గురక అంత పెద్దది కాదు. జీపు కథ మీరు ఎప్పుడూ సగమే విన్నరు. వాగు దాటినంకనే అసలు ముచ్చట మొదలైతది.

ముద్దుల సంగతి ఇక రాయకుండ్రి.

ఇట్లు, అలేఖ్య

తా.క. దిండు కింది కాయితం తీసెయ్యుండ్రి.

కరీంనగర్

అలేఖ్యా,

ముద్దులు వద్దంటివంటే కోపం ఇంకా పోలేదన్నట్టే. అందుకే ఈ కాయితం నిండ ముద్దులే పంపుతున్న.

నీ ప్రణయ్

తా.క. నీ రెండో ఉత్తరం కూడ దిండు కిందికే పోయింది.

ఉట్నూర్

చిరంజీవి ప్రణయ్‌కు మీ మామ బాలమల్లు దీవించి రాయునది.

ఇగ నాతోని కాదు బిడ్డా. నువ్వు ముద్దులు పెడుతున్నది నా రాతకు. ఫోన్‌ల కొట్టి కొట్టి అలేఖ్యకు తెలుగు రాసుడు మొత్తం పోయింది, నీ చేతిరాత చదువుడూ రాదు. ఫోన్‌ల నీ బ్లాక్ తీస్తే ఓడినట్టేనంటది. అందుకని అది చెప్తే నేను రాసిన, నీ ఉత్తరాలు వాకిట్ల కూసోని చదివి వినిపించిన. మీ అత్తమ్మ విన్నది, పక్కింటి పోశవ్వ విన్నది. గురక ముచ్చటకు పోశవ్వ ఇంకా నవ్వుతనే ఉన్నది.

"ఇప్పుడేం రాయాలె బిడ్డా" అని అలేఖ్యను అడిగితే, "గిది నేనే రాస్త బాపు" అని పెన్ను గుంజుకున్నది. పొద్దటిసంది కూసోని రాసింది. దీర్ఘాలు ఇంకా రాలే, సర్దుకో.

ఇట్లు, బాలమల్లు

తా.క. నకు కుడ ఇష్టమె. అదివరం బస్సుకు వస్త. బపు కుడ వస్తుండు. జిపు కథ మొత్తం చెప్తడంట.